నడుము లోతు

పరుపుల వ్యాపారంలో అడిగిన ధర ఇచ్చేవాడు ఉండడు. ఇస్తాడనుకుని అడిగేవాడూ ఉండడు. కొట్టువాడు ఒక మాట అంటాడు, వచ్చినవాడు అందులో సగం అంటాడు. కొట్టువాడు గుండె పట్టుకుంటాడు, వచ్చినవాడు మెట్టు దిగుతాడు, కొట్టువాడు వెనక్కి పిలుస్తాడు. ఎక్కడ ఆగుతారో ఇద్దరికీ ముందే తెలుసు. తెలిసినచోటికి నేరుగా వెళ్ళొచ్చు కదా అంటే, వెళ్ళకూడదు. నేరుగా వెళ్తే మోసపోయామన్న అనుమానం ఇద్దరికీ మిగిలిపోతుంది. బేరమంటే ఆ అనుమానాన్ని కడుక్కోవడమే.

ఆ వీధిలో ఈ విద్యకి పెద్ద దిక్కు ఆకాశం. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ధర ఎప్పుడూ అక్కణ్ణుంచే మొదలుపెడతాడని వీధివాళ్ళు పెట్టిన పేరు. అసలు పేరు బ్యాంకువాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. కింద పరుపుల కొట్టు, పైన ఇల్లు. ముందుగదిలో కూతురి కుట్టుమిషన్లు. దిండు గలేబులు, పరుపు తొడుగులు, కిటికీ తెరలు ఆమె కుడుతుంది. చేతి కింద ఇద్దరు ఆడవాళ్ళు పనిచేస్తారు. గిరాకీ పెరిగి గది ఇరుకైంది. మేడ మీద ఇంకో అంతస్తు వేసుకోవాలని ఆమె ఆశ. అనుమతి అడిగింది కూడా. ‘గీత తేలాక చూద్దాం’ అన్నారు.

గీత సంగతి చెప్పాలంటే ముందు నీళ్ళ సంగతి చెప్పాలి.

సముద్రం వైపు ఊరికి అదే చివరి వీధి. వీధికీ నీళ్ళకీ మధ్య పాత గోదాముల వరస, దాని వెనక బండరాళ్ళ కట్ట. సముద్రం ఆ కట్ట దాటి ఎప్పుడూ రాలేదు. దాటి వచ్చుంటే పోరాడినట్టయినా ఉండేది. అది మురుగుకాలవలోంచి వచ్చేది. పున్నమికీ అమావాస్యకీ, పైన ఎండ కాస్తూ ఉండగానే, గాలైనా లేకుండా, కాలవ మూతల సందుల్లోంచి బుడబుడమంటూ పైకి తేలేది. చీలమండ దాకా లేచి, గంటో రెండు గంటలో వీధిలో కూర్చుని, వచ్చిన దారినే వెళ్ళిపోయేది. పిలవని చుట్టంలా వచ్చి వెళ్తూ వెళ్తూ ఉప్పు, బురద, వాసన వదిలేది. షట్టర్ల అడుగులు తుప్పు పట్టి అప్పడాల్లా విరిగేవి. పరుపులు పేర్చే చెక్కబల్లల కింద ఆకాశం ఏటా ఒక వరస ఇటుకలు పెంచుతూ వచ్చాడు. ఇప్పుడు పరుపు నొక్కి చూడాలంటే మనిషి పీట ఎక్కాలి.

“ఇంకో రెండేళ్ళు పోతే నిచ్చెన వెయ్యాలి బావా,” అనేవాడు పక్క కొట్టు తాళాలాయన. “పరుపు కొనేవాడు నిద్ర కోసం వస్తాడు, నువ్వు కొండ ఎక్కిస్తున్నావు.”

“ఎక్కినవాడు దిగడానికి బద్ధకించి కొంటాడు. నీకు తెలీదు,” అనేవాడు ఆకాశం.

నవ్వేవారు. నీళ్ళు దిగాక ఎవరి గుమ్మం వాళ్ళు కడుక్కునేవారు. ఏళ్ళ తరబడి కడిగి కడిగి వీధి మొత్తానికి నడుము నొప్పి వచ్చింది తప్ప, గుమ్మాలకి శుభ్రత రాలేదు.

అలాంటి రోజుల్లో ప్లానింగ్ ఆఫీసు నుంచి చాటింపు వచ్చింది. సముద్రం లేస్తోంది, ఊరు పెరుగుతోంది. ఒకటి ఇటు వస్తోంది, ఒకటి అటు పోతోంది. మధ్యలో ఎక్కడో ఒక గీత గియ్యాలి. గీత లోపల ఇళ్ళు కట్టుకోవచ్చు. రోడ్లు, పైపులు, కాలవలు కొత్తగా వేస్తారు, అవసరమైతే గోడ కట్టి కాపాడతారు. గీత బయట కొత్తగా ఏదీ రాదు. గీత ఎక్కడ ఉండాలో జనమే చెప్పాలి, బడి హాల్లో సభ పెడుతున్నాం, రండి అన్నారు.

సభ ముందురోజు సాయంత్రం వీధి అంతా ఆకాశం కొట్లో చేరింది. పరుపుల మీద కూర్చోనిచ్చాడు కానీ, ప్లాస్టిక్ కవరు మాత్రం తియ్యనివ్వలేదు.

“ఎంత చెబుదాం?” అన్నాడు తాళాలాయన.

ఎవరికీ ఆ ప్రశ్న వింతగా అనిపించలేదు. వాళ్ళకి తెలిసిన ప్రశ్న అదొక్కటే.

ఆకాశం లెక్క చెప్పాడు. “వీధి దీపాలు రెండు అడిగాం, ఒకటి పెట్టారు. రోడ్డు మూరెడు ఎత్తు లేపమన్నాం, బెత్తెడు లేపారు. ఆఫీసంటే ఏంటి? అదీ ఒక గిరాకీయే. మనం ఎంతన్నా సగం కోస్తుంది. చీలమండ అంటే తడి అనుకుంటారు. మోకాలు అంటే చీలమండ అనుకుంటారు. వాళ్ళ బుర్రలో మోకాలు పడితేనే మనకి గోడ వస్తుంది. మోకాలు పడాలంటే మనం ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?”

“నడుము,” అంది టీ కొట్టు అక్క.

“నా తల్లే. నీకు పరుపుల కొట్టు పెట్టుకునే అర్హత ఉంది.”

కూతురు మెట్ల మీద కూర్చుని దారం కొరుకుతోంది. “ఉన్నదేదో చెప్పొచ్చుగా నాన్నా. చీలమండ దాకా వస్తున్నాయని.”

“నువ్వు గలేబులు కుట్టుకో తల్లీ. ఇది బేరం.”

“ఇది బేరమని ఆఫీసుకి తెలుసా?”

అందరూ నవ్వారు. తాళాలాయన అయితే పరుపు మీద వెనక్కి వాలిపోయి మరీ నవ్వాడు. “బావా, నీ కూతురికి వ్యాపారం నేర్పలేదా?” అన్నాడు. కూతురు లేచి పైకి వెళ్ళిపోయింది. ఆమె మాటకి నవ్వకుండా ఉండాల్సింది అని ఆకాశానికి తర్వాత చాలాసార్లు అనిపించింది. కానీ తర్వాత అనిపించేవాటికి సంతలో ధర లేదు.

బడి హాల్లో చిన్నపిల్లల బెంచీలు. పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. గోడకి ఊరి పటం తగిలించారు. ప్లానింగ్ మేడమ్ వయసులో చిన్నదే. గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. ఊళ్ళో అన్ని మూలలా ఇలాంటి సభలు పెట్టి అరిగిపోయిన గొంతు అది. మైకు కుయ్యోమంటే పక్కన పెట్టేసి మామూలుగానే మాట్లాడింది.

“మా దగ్గర లెక్కలున్నాయండి. కానీ లెక్కలు అక్కడ కాపురం ఉండవు, మీరుంటారు. నీళ్ళు ఎక్కడిదాకా వస్తున్నాయో మీ నోటితో చెప్పండి. అది బట్టి గీద్దాం.”

ముందు వీళ్ళ వీధికి ఎగువనున్న పై వీధివాళ్ళ వంతు. పాల డిపో ఆవిడ లేచింది. “మా వీధికి వానాకాలంలో కాస్త తడండీ, అంతే,” అని కూర్చుంది. ఆకాశం తాళాలాయన వైపు వంగి, “పాపం, మొదటి మాటకే కింద ధర చెప్పేసింది. ఆవిడకింక ఏమిస్తారు?” అన్నాడు.

తన వంతు రాగానే లేచి, ఎడమ చెయ్యి అడ్డంగా నడుముకి ఆనించి చూపించాడు. “ఇక్కడిదాకా అమ్మా. పిల్లల్ని భుజాలకెత్తుకుని తిరుగుతాం.”

వీధిలో భుజానికెత్తుకునే వయసు పిల్లలు లేనే లేరు. కానీ మాటకి ఊపు వచ్చింది.

“నడుమేంటి బాబాయ్, నాకైతే ఛాతీ దాకా!” అంది టీ కొట్టు అక్క.

“నువ్వు పొట్టిదానివిలే అక్కా,” అని వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా గొల్లుమంది.

తాళాలాయన ఊరుకుంటాడా? “తాళాలు తేలాయండీ నా కొట్లో. కళ్ళారా చూశాను.”

“ఇనుప తాళాలు తేలతాయా?”

“నావి తేలికరకం!”

మేడమ్ నవ్వలేదు. నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, ఆకాశాన్నే అడిగింది. “ఖాయమేనా అండీ? నడుము దాకా?”

“కావాలంటే ఇంకో బెత్తెడు వేసుకోండమ్మా.”

“ఏటా ఇంతేనా?”

“ఏటా.”

“సరే,” అంది. పటం మీద వాళ్ళ వీధి దగ్గర చిన్న గుర్తు పెట్టి, తర్వాతి వీధివాళ్ళని పిలిచింది.

ఆకాశం నిలబడే ఉన్నాడు. ‘మరీ నడుమా, మోకాలేమో’ అంటుందని చూశాడు. అంటే తను గుండె పట్టుకోవాలి. ‘పోనీ తొడ’ అనాలి. ఆవిడ అనలేదు. అడిగిన ధరకి మారుమాటాడకుండా తలూపి సరుకు కట్టమన్నవాణ్ణి చూస్తే వ్యాపారికి సంతోషం కలగదు. ఆ నోట్లు దొంగవేమోనని వెలుతురుకి పెట్టి చూస్తాడు. ఆకాశానికి ఇంటికెళ్ళేదాకా అదే అనుమానం.

“చూశావా, మాట పడనీయకుండా ఒప్పుకుంది!” అన్నాడు తాళాలాయన ఉత్సాహంగా.

“అదే బావా నా భయం,” అన్నాడు ఆకాశం.

వానలు వెళ్ళాక గీత పటం వార్డు ఆఫీసు గోడకెక్కింది. పై వీధి లోపల ఉంది. వాళ్ళ వీధి బయట ఉంది. గీత సరిగ్గా ఆ రెండింటి మధ్య మలుపులోంచి పోయింది. మర్నాడు మనుషులొచ్చి అక్కడ రోడ్డు అంచున పసుపురంగు పూశారు. పటం కింద కారణం కూడా రాశారు: ఏటా నడుము లోతు నీళ్ళు వచ్చేచోట గోడ కట్టినా నిలవదు, జనాన్ని మెల్లగా అక్కణ్ణుంచి తరలించాలి, కొత్త కట్టుబడి ఉండకూడదు, ఈ సంగతి అక్కడివాళ్ళే చెప్పారు.

వీధి ఒక్క పూటలో తిరగబడింది. మొన్నటిదాకా ‘మా ఆకాశం’ అన్నవాళ్ళు ‘వాడి నోరు’ అనడం మొదలెట్టారు.

“నువ్వు నడుమన్నావు, నేను నీ వెనకాల ఎక్కాను,” అన్నాడు తాళాలాయన.

“తాళాలు తేలాయని నేను చెప్పమన్నానా?”

“మొదలెట్టింది ఎవరు?”

టీ కొట్టు అక్క అందరికీ పోశాక ఆయనకి పోసేది, అది కూడా అడుగున మిగిలింది. కూతురు మాత్రం ఏమీ అనలేదు. ‘నేను చెప్పలేదా’ అనే హక్కు ఆమెకి నిండుగా ఉంది. ఆ హక్కు వాడుకోకపోవడమే ఆయనకి ఎక్కువ బరువైంది. ఆమె అంతస్తు అర్జీ, ఇల్లు గీత బయట పడిందని తిరిగొచ్చింది. పైన మిషన్ల చప్పుడు ఎప్పటిలాగే నడుస్తోంది. కింద ఇటుకల మీద పరుపుల పక్కన కూర్చుని ఆయన ఆ చప్పుడు వినేవాడు.

చివరికి ఎవరికీ చెప్పకుండా ప్లానింగ్ ఆఫీసుకి వెళ్ళాడు. మేడమ్ గది చిన్నది. మూల బకెట్లో చుట్టిన పటాలు గొడుగుల్లా నిలబెట్టి ఉన్నాయి. భోజనం డబ్బా మూత తియ్యకుండా బల్ల మీదే ఉంది, మధ్యాహ్నం ఎప్పుడో దాటిపోయింది.

“అమ్మా, మీరెందుకు తగ్గించలేదు?” అన్నాడు కూర్చోకుండానే.

“ఏం తగ్గించాలండీ?”

“నేను నడుమన్నాను. మీరు మోకాలనాలి. నేను తొడ అంటాను. మీరు కాదంటారు. అక్కడో ఇక్కడో ఆగుతాం. అంత మాట మీరు నోరారా ‘సరే’ అనేస్తే ఎలాగమ్మా?”

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాడు. వచ్చినా బాగుండేది.

“నేను మిమ్మల్ని నమ్మానండీ,” అంది.

ఆకాశం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఈ సభలు ఎందుకన్నారు మా పైవాళ్ళు,” అంది ఆవిడ, ఎవరికో కాక తనకే చెప్పుకుంటున్నట్టు. “జనానికేం తెలుసు, లెక్కలు చూసి గీసేద్దాం అన్నారు. నేనే పట్టుబట్టాను. మీ వీధి మా లెక్కలో సరిగ్గా అంచు మీద ఉంది. లోపల వేసినా తప్పు కాదు, బయట వేసినా తప్పు కాదు. ఎటూ తేలక మీ మాట తీసుకున్నాం. ఊరు మొత్తంలో జనం మాట మీద తేల్చిన వీధి అదొక్కటే.”

ఆకాశం పుట్టి బుద్ధెరిగాక ఒక ఆఫీసు ఆయన మాట విన్నది ఆ ఒక్కరోజే. ఆ ఒక్కరోజూ తను చెప్పింది అది.

“అసలెంత వస్తాయి?” అంది.

“చీలమండ.”

“అభ్యంతరాలు చెప్పడానికి ఇంకో సభ ఉంది. అక్కడికొచ్చి చెప్పండి, అందరి ముందు. గీత మార్చడానికి వీలుంది. కానీ ఒకటి. ఈసారి కూడా నేను బేరమాడను. మీరేం చెబితే అదే.”

తిరిగొస్తుంటే దారంతా ఒకటే లెక్క. వ్యాపారంలో రెండు అబద్ధాలున్నాయి. ధరలో ఆడేది ఒకటి, సరుకులో ఆడేది ఒకటి. ధరలో ఎంత ఆడినా పాపం లేదు, ఎదుటివాడూ ఆడతాడు, చెల్లుకు చెల్లు. సరుకులో ఆడితే కొట్టు మూసుకోవాల్సిందే. వెనకటికి ఒక అమావాస్యకి నీళ్ళు అడుగున ఉన్న పరుపుల్ని తడిపితే, ఆకాశం ఎండబెట్టాడు. పైకి కరకరలాడేలా ఆరాయి. ఆ వారమే కొత్తగా కాపురం పెట్టిన జంట వచ్చి వాటినే ముచ్చటపడింది. ఆయన అమ్మలేదు. లోపలి తడి పైకి కనపడదు, ఆరు నెలలకి వాసన కొడుతుంది, అప్పుడు వాళ్ళు తిట్టే తిట్టు తనకి వినపడకపోయినా తగులుతుంది. విప్పేసి ఆ దూది పారబోశాడు. అలాంటి మనిషి బడి హాల్లో నిలబడి, ధర చెబుతున్నాననుకుని సరుకు గురించి అబద్ధమాడాడు. తేడా తెలియక కాదు, ఎదుటివాళ్ళు వేరే సంతలో ఉన్నారని తెలియక.

సభ రోజు పొద్దున పున్నమి పోటు వచ్చి దిగింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ గుమ్మం కడుగుతున్నారు. ఆమె నీళ్ళు పోస్తోంది, ఆయన చీపురుతో తోస్తున్నాడు.

“నాన్నా, ఇవాళ చీలమండ అని చెప్పి కూర్చో,” అంది.

“ఊఁ.”

“ఊఁ కాదు. చీలమండ అని కూర్చో. దాని తర్వాత ఇంకేం వద్దు.”

ఆయన చీపురు ఆపాడు. ఆమె ఆయన వంక చూడకుండా బకెట్టు వంచుతూనే ఉంది.

“అబద్ధం కాదుగా అది,” అంది. “చీలమండ దాకానే కదా వస్తున్నాయి. గీత ఇటు జరుగుతుంది. నేను పైన వేసుకుంటాను. ఇద్దరి బదులు నలుగురు కూర్చుంటారు. ఎంతకాలం నాన్నా, మోకాళ్ళు మోకాళ్ళు తగులుకుంటూ కుట్టడం?”

“చెబుతాలే.”

“నీ చెబుతాలే నాకు తెలుసు. మధ్యలో నీకు ఊపొస్తుంది.”

ఆ మాటకి ఇద్దరికీ కొంచెం నవ్వొచ్చింది. చాలాకాలానికి.

రెండో సభకి జనం పల్చగా వచ్చారు. మొదటిసారి చెప్పేసి అలిసిపోయినవాళ్ళు కొందరు, చెప్పినా ఏముందనుకున్నవాళ్ళు కొందరు. వాళ్ళ వీధి మాత్రం మొత్తం వచ్చింది. కూతురు చివరి బెంచీలో కూర్చుంది, పక్కన వాళ్ళమ్మ. తాళాలాయన ఆకాశం పక్కనే చేరాడు, జారిపోతే పట్టుకోవడానికన్నట్టు.

ఆకాశం లేచాడు. “పోయినసారి నేను నడుమన్నాను. అది నిజం కాదు. నీళ్ళు వచ్చేది చీలమండ దాకా.”

ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీల్లోంచి ఊపిరి వదిలిన చప్పుడు వచ్చింది. టీ కొట్టు అక్క లేచి, “నాకూ చీలమండేనండీ,” అని కూర్చుంది. తాళాలాయన కూడా గొంతు సవరించుకుని, “తాళాలు... తడిశాయండీ. అంతే,” అన్నాడు.

మేడమ్ తలూపింది. పటం వైపు తిరిగింది. ఆకాశం అప్పుడే కూర్చోవాలి. మోకాళ్ళు వంచాడు కూడా. బెంచీ చిన్నపిల్లలది, చాలా కిందుంది. అంత కిందికి దిగలేక మధ్యలో ఆగిపోయాడు.

“ఇంకో మాటమ్మా.”

“చాలు బావా, కూర్చో,” అని తాళాలాయన చొక్కా లాగాడు.

“చీలమండ నిజమే. కానీ అది ఇవాళ్టి మాట. మా పెళ్ళయిన కొత్తలో ఆ వీధికి నీళ్ళు తెలీవు. మా అమ్మాయి నడక నేర్చేనాటికి ఏడాదికోసారి కాలవ మూతల దగ్గర తడి కనపడేది. ఇప్పుడు ప్రతి పున్నమికీ, ప్రతి అమావాస్యకీ. ఏటా పరుపుల కింద ఇటుకలు పెంచుతూనే ఉన్నాను. తగ్గించిన ఏడు లేదు.”

తాళాలాయన చొక్కా వదిలేశాడు.

“అయితే గీత ఎటుండాలంటారు?” అంది మేడమ్.

ఆకాశం వెనక్కి తిరిగి చూడకూడదనుకున్నాడు, చూశాడు. కూతురు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. సూది లేకుండా ఆ చేతుల్ని ఆయన ఎప్పుడూ చూడలేదు. వద్దన్నట్టు తల కూడా ఊపలేదు. చూస్తోందంతే. కొట్లో అయితే ఇలాంటప్పుడు ఒక మాట దొరుకుతుంది, ఇద్దరికీ సరిపోయేది. వెతికాడు. పైన అంతస్తు ఒక ఏడాదికో రెండేళ్ళకో వేసేది కాదు. ఒక బతుక్కి సరిపడా వేస్తారు. ఆ బతుకంతా కింద ఎన్ని వరసల ఇటుకలు పెరగాలి? ముక్కూమొహం తెలియని జంటకి అమ్మని తడిపరుపు సొంత కూతురికి ఎలా అమ్మాలి?

“ఉన్న కొట్లని ఉండనివ్వండి,” అన్నాడు. “మేం ఉన్నన్నాళ్ళు ఉంటాం. కొత్తవి వద్దు. పైకి కూడా... పైకి కూడా వద్దమ్మా.”

వెనక బెంచీ జరిగిన చప్పుడైంది. కూతురు లేచి బయటికి వెళ్ళిపోయింది. మంచినీళ్ళు తాగడానికి అని వాళ్ళమ్మ పక్కవాళ్ళకి చెప్పింది. ఎవరూ అడగలేదు.

ఇంటికి నడిచేటప్పుడు భార్య ఆయనకి నాలుగడుగులు ముందు నడిచింది. తలుపు దగ్గర ఆగి, తాళం తీస్తూ అంది. “ఇన్నేళ్ళకి నిజం చెప్పాలని బుద్ధి పుట్టింది. అది నా కూతురి నెత్తినే పడాలా?”

“ఇంకెవరి నెత్తిన పడినా చెప్పేవాణ్ణి కాదేమో.”

“అబ్బో,” అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

గీత మారింది. వాళ్ళ వీధి దగ్గర కొంచెం వంగి, వీధిని పూర్తిగా లోపలికీ వెయ్యలేదు, పూర్తిగా బయటికీ నెట్టలేదు. ఉన్నవి ఉండొచ్చు. బాగుచేసుకోవచ్చు. పైకి ఒక్క ఇటుక లేపకూడదు. సముద్రం వైపు కాలవ నోటికి ఇనుప రెక్క బిగిస్తామన్నారు, నీళ్ళు బయటికి పోవడమే తప్ప లోపలికి రాకుండా. ఎప్పుడన్నది చెప్పలేదు. వీధివాళ్ళు ఆకాశాన్ని సగం క్షమించారు. తరలించడం తప్పింది కాబట్టి సగం, పైకి కట్టుకునే వీలు పోయింది కాబట్టి సగమే. టీ కొట్టు అక్క మాత్రం మళ్ళీ వరసలో మధ్యలో పోస్తోంది.

కూతురు చాలా రోజులు అవసరానికి తప్ప మాట్లాడలేదు. అన్నం వడ్డించింది, మందులు గుర్తుచేసింది, కొట్లో ఎవరైనా వస్తే ‘నాన్నా, మనుషులొచ్చారు’ అని కేకేసింది. అంతే. ఒకరోజు మధ్యాహ్నం చెప్పులు వేసుకుని పై వీధికి వెళ్ళొచ్చింది. పాల డిపో ఆవిడ వెనకవైపు గది ఖాళీగా ఉందట, వెలుతురు బాగుందట, అద్దెకి మాట్లాడుకుని వచ్చింది.

“ఎంతకి?” అనబోయి ఆకాశం నోరు మూసుకున్నాడు.

“నువ్వు వస్తే తగ్గించేవాడివి,” అంది ఆమె, ఆయన మొహం చదివి. “అందుకే తీసుకెళ్ళలేదు.”

“కోపమా?”

“కోపం కాదు. నువ్వు చెప్పకపోతే నేను కట్టుకునేదాన్ని. కట్టుకున్నాక ఏదో ఒకరోజు నీళ్ళు మెట్లెక్కితే, ఎందుకు చెప్పలేదని నిన్ను తిట్టేదాన్ని. ఇప్పుడు ఎందుకు చెప్పావని తిడుతున్నాను. ఎలాగూ తిట్లు నీకే రాసిపెట్టి ఉన్నాయి.”

“లాభం నష్టం చూస్తే...”

“చూడకు నాన్నా. కాసేపు ఏదీ చూడకు.”

మర్నాడు మిషన్లు తరలించారు. తాళాలాయన తోపుడుబండి ఇచ్చాడు. ఇస్తూ, “చక్రానికి నూనె లేదు, మెల్లగా,” అన్నాడు. పై వీధికి ఎత్తు పెద్దది కాదు, నడిచేవాడికి ఎత్తని కూడా తెలియదు. ఇనుము నిండిన బండికి తెలుస్తుంది. ఆమె ముందు లాగింది, ఆయన వెనక తోశాడు. పసుపురంగు పూసిన మలుపు దగ్గర చక్రం గుంటలో పడితే ఇద్దరూ ఆగి ఊపిరి తీసుకున్నారు.

“తొయ్యి నాన్నా.”

“తోస్తున్నా.”

“తోస్తున్నట్టు అరుస్తున్నావు.”

గుంట దాటించి, డిపో వెనక గదిలో మిషను దింపేసరికి ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. గది నిజంగానే బాగుంది. గచ్చు పొడిగా ఉంది. ఆయన అరికాలు ఆ పొడి గచ్చు మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూశాడు. ఎవరో చూస్తున్నారేమోనని ఆపేశాడు. ఆమె కిటికీ కింద మిషను జరిపి, వెలుతురు ఎటు పడుతోందో చూసుకుంటోంది.

“నువ్వెప్పుడొస్తావు ఇటు?” అంది, తిరగకుండానే.

“కొట్లో సరుకు అమ్ముడవ్వాలిగా.”

“అమ్ముడైతే మళ్ళీ తెప్పిస్తావు.”

నిజమే. ఆయన గుమ్మం మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. లేచి, ఖాళీ బండి పట్టుకుని, రెండో మిషను కోసం కిందికి దిగాడు.